ఉద్యోగం మానకుండా కంప్యూటర్ ఎంటెక్: ఈ దారి ఎక్కడ మొదలైంది, ఎవరికి తెరుచుకుంది

పోస్ట్ పొడుగ్గా ఉంటుంది. బస్సులో ఉన్నవాళ్లు సేవ్ చేసుకుని తీరిగ్గా చదవండి.

పోయిన వారం ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. గురుకులంలో చదివాడు, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాడు. ఇంటికి నెలనెలా డబ్బు పంపాలి. చెల్లెలు నర్సింగ్ చదువుతోంది. ఎంటెక్ చెయ్యాలని కోరిక. "అన్నా, ఉద్యోగం మానెయ్యాలా, ఎంటెక్ ఆశ మానెయ్యాలా?" అని అడిగాడు. కింద కామెంట్లు చూశాను. కొందరు "రెండేళ్లు కళ్లు మూసుకో, గేట్ రాసి ఫుల్‌టైం చెయ్" అన్నారు. గేట్‌తో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది, నిజమే. కానీ దాంతో హైదరాబాద్‌లో తాను బతికి, ఊళ్లో ఇల్లు కూడా నడపాలంటే ఎలాగో వాళ్లు చెప్పలేదు. ఇంకొకరు "ఇంట్లో కూర్చుని ఎంటెక్" అన్న ప్రకటన ఒకటి షేర్ చేశారు. అది చూసి భయమేసింది. ఎందుకు భయమేసిందో కింద చెబుతాను.

కామెంట్‌లో నాలుగు లైన్లు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. ఎందుకంటే ఇది తమ్ముడు ఒక్కడి సమస్య కాదు. పని చేసుకుంటూ పై చదువు చదవాలనుకున్న ప్రతి తరంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు ఎవరెవరు ఏం జవాబు చెప్పారో తెలిస్తే మన జవాబు మనం వెతుక్కోవచ్చు.

చాలామందికి తెలియని సంగతితో మొదలుపెడతాను. ప్రపంచంలో కంప్యూటర్ ఎలా కట్టాలో పాఠంగా చెప్పిన మొట్టమొదటి కోర్సు ఉద్యోగస్తుల కోసమే పెట్టారు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ, మూర్ స్కూల్‌లో కట్టిన ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించారు. దాని గురించి నేర్చుకోవాలని అన్నిచోట్ల నుంచీ ఒత్తిడి వచ్చింది. దాంతో అదే ఏడాది జులై 8 నుంచి ఆగస్టు 31 దాకా ఎనిమిది వారాల కోర్సు పెట్టారు. ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం, మొత్తం 28 మంది. ఎక్కువమంది అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. సైన్యం, నేవీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్, ఎంఐటీ లాంటి చోట్ల నుంచి వాళ్ల సంస్థలే పంపించాయి. కోర్సు అయ్యాక వెనక్కి వెళ్లి వాళ్లే తమ తమ చోట్ల యంత్రాలు కట్టారు.

అందులో ఒకాయన మారిస్ విల్క్స్, కేంబ్రిడ్జ్ నుంచి. ఓడలో చోటు దొరక్క ఆగస్టు మధ్యలో చేరుకున్నాడు. అంటే కోర్సులో ఎక్కువ భాగం పోయింది. అయినా మిగిలిన క్లాసులు విని, తిరుగు ప్రయాణంలో క్వీన్ మేరీ ఓడలోనే తన యంత్రం నమూనా గీయడం మొదలుపెట్టాడు. 1949 మే 6న ఎడ్‌సాక్ పని చేసింది. క్లాసులు మిస్సయ్యాయని బాధపడేవాళ్లకి ఈ కథ చెబుతుంటాను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. విల్క్స్ వెనక కేంబ్రిడ్జ్ ఉంది, జీతం ఉంది, పంపించిన సంస్థ ఉంది. ఆహ్వానం అందని వాళ్ల పేర్లు చరిత్రలో లేవు.

1953లో అదే కేంబ్రిడ్జ్‌లో కంప్యూటింగ్ మీద ఏడాది పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా మొదలైంది. అది ఫుల్‌టైం చదువు, దాన్ని దాటి ముందుకెళ్దాం. మన కథకు అసలు మలుపు ఆ మరుసటి ఏడాది, 1954లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వచ్చింది.

అక్కడ ఇంజనీరింగ్ డీన్ ఫ్రెడరిక్ టర్మన్. హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరికీ గురువు ఆయనే. యూనివర్సిటీ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కంపెనీలు పుట్టుకొస్తున్నాయి, వాటికి బాగా చదివిన ఇంజనీర్లు కావాలి. ఉన్న ఇంజనీర్లను రెండేళ్లు చదువుకు పంపితే పని ఆగిపోతుంది. టర్మన్ ఒక ఏర్పాటు చేశాడు. పేరు ఆనర్స్ కోఆపరేటివ్ ప్రోగ్రామ్. కంపెనీ తన ఇంజనీరును వారంలో కొన్ని గంటలు వదిలిపెడుతుంది. అతను వెళ్లి రెగ్యులర్ విద్యార్థుల పక్కనే కూర్చుని, అదే క్లాసు విని, అదే పరీక్ష రాసి, అదే మాస్టర్స్ డిగ్రీ తీసుకుంటాడు. విద్యార్థి కట్టే ఫీజు యూనివర్సిటీకి అయ్యే ఖర్చుకు చాలదు కాబట్టి, ఆ ఫీజుకు సమానమైన మొత్తం కంపెనీ అదనంగా యూనివర్సిటీకి కట్టాలి. అంటే ఒక్కో ఉద్యోగి మీద రెండు ఫీజులు.

ఇందులో దానధర్మం ఏమీ లేదు, ముగ్గురికీ లాభం ఉంది. కానీ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి. ఒకటి, ఖర్చు ఉద్యోగం ఇచ్చినవాడు పెట్టుకున్నాడు. రెండు, డిగ్రీ మీద "ఇది పార్ట్‌టైం వాళ్లది" అన్న ముద్ర లేదు. మన దేశంలో తర్వాత ఈ రెండిట్లోనే దెబ్బ తిన్నాం.

1969లో స్టాన్‌ఫర్డ్ ఇంకో అడుగు వేసింది. క్లాసు గదిలో కెమెరాలు పెట్టి, మైక్రోవేవ్ ద్వారా పాఠాన్ని నేరుగా కంపెనీల ఆఫీసులకు ప్రసారం చేసింది. ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు బొమ్మ చూడొచ్చు, సందేహం వస్తే మాట్లాడి అడగొచ్చు కూడా. మనం 2020 లాక్‌డౌన్‌లో జూమ్ క్లాసులంటూ కష్టపడ్డాం చూడండి, దాదాపు అదే. యాభై ఏళ్ల ముందు.

అదే 1969లో ఇంకో సంగతి జరిగింది. మన గ్రూపులో ఇది చెప్పకుండా ముందుకు పోలేను. స్టాన్‌ఫర్డ్ పొరుగునే ఉన్న మౌంటెన్ వ్యూలో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే కంపెనీ ఉండేది. చిప్‌ల పరిశ్రమకు అమ్మలాంటిది. వాళ్లు 1965లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని షిప్‌రాక్ అనే ఊళ్లో పని మొదలుపెట్టారు, 1969లో అక్కడ కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. ఆ ఊరు నవాహో ఆదివాసీల భూభాగం. వెయ్యి మంది దాకా పని చేశారు, ఎక్కువమంది నవాహో స్త్రీలు. మైక్రోస్కోప్ కింద చూస్తూ వెంట్రుక కన్నా సన్నని తీగలు కలిపే పని. ఆ ఫ్యాక్టరీ గురించి కంపెనీ వేసిన పుస్తకంలో నవాహోలు నేసే రగ్గు డిజైన్‌ను, చిప్ డిజైన్‌ను పక్కపక్కన పెట్టి పోల్చారు.

చూడ్డానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ ఆలోచించండి. కాలిఫోర్నియాలోని ఇంజనీరుకు టీవీలో మాస్టర్స్ పాఠాలు వస్తున్నాయి, ఎందుకంటే అతనిది "పెరగాల్సిన తెలివి". నవాహో చెల్లెలి నైపుణ్యం మాత్రం "పుట్టుకతో వచ్చిన చేతివాటం". చేతివాటానికి పై చదువు ఎందుకు? మన వాళ్ల వెదురు పని చూసి, డోక్రా బొమ్మలు చూసి "అబ్బ, రక్తంలోనే ఉంది" అనే మాట ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట వెనక ఒక తలుపు మూసేసి ఉంటుంది. 1975 ఫిబ్రవరిలో కంపెనీ 140 మందిని పనిలోంచి తీసేసింది. అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్లు ఫ్యాక్టరీని ఆక్రమించి వారం పైగా కూర్చున్నారు. తర్వాత కంపెనీ ఫ్యాక్టరీనే మూసేసి వెళ్లిపోయింది. చిప్‌ను చేతుల్తో చేసినవాళ్లకి చిప్ చదువు దక్కకుండానే ఆ కథ ముగిసింది.

సరే, మళ్లీ స్టాన్‌ఫర్డ్‌కు వద్దాం. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇప్పుడు వస్తుంది.

1970ల మొదట్లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ల ఇంజనీర్లు కొందరు శాంటా రోసా అనే ఊరికి మారారు. స్టాన్‌ఫర్డ్‌కు దాదాపు వంద మైళ్లు. టీవీ సిగ్నల్ అందదు. (సిగ్నల్ అందకపోవడం అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.) వాళ్లు మాకూ మాస్టర్స్ కావాలన్నారు. అప్పుడు జేమ్స్ గిబ్బన్స్ అనే ప్రొఫెసర్ ఒక పని చేశాడు. క్లాసును వీడియో టేప్‌లో రికార్డు చేసి పంపించాడు. అయితే ఒక షరతు పెట్టాడు, టేప్‌ను ఒక్కరే కూర్చుని చూడకూడదు. ఓ ఐదారుగురు కలిసి కూర్చోవాలి. వాళ్లతో ఒక ట్యూటర్ ఉంటాడు, అతనూ ఆ కంపెనీలో పని చేసే ఇంజనీరే. మహా పండితుడు కానక్కర్లేదు. అతని పని ఒక్కటే. ఎవరి ముఖంలోనైనా అర్థం కానట్టు కనిపిస్తే టేప్ ఆపడం, "ఇక్కడ ఏమన్నాడు?" అని అడగడం, మాట్లాడనివ్వడం. కొన్ని నిమిషాలకొకసారి ఆగేవాళ్లు. వాళ్లలో వాళ్లే వాదించుకునేవాళ్లు. తేలకపోతే ప్రొఫెసర్‌కు ఫోన్.

పరీక్షలు పెట్టి చూస్తే, ఇలా గుంపుగా చూసినవాళ్లు క్యాంపస్‌లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చున్న విద్యార్థుల కన్నా తక్కువ చేయలేదు సరికదా, కొంచెం మెరుగ్గానే చేశారు. స్టాన్‌ఫర్డ్ మామూలుగా పెట్టే అర్హతలకు సరిపోని వాళ్లూ ఆ గుంపుల్లో నెగ్గుకొచ్చారు. గిబ్బన్స్, ఆయన సహచరులు ఈ ఫలితాలను 1977లో సైన్స్ పత్రికలో అచ్చు వేశారు.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎందుకంటే నా ఎంటెక్ మొదటి సెమిస్టర్ గుర్తొచ్చింది. నేనూ ఉద్యోగం చేస్తూనే చదివాను. శని, ఆదివారాలు క్లాసు. రికార్డింగులు అన్నీ ఉండేవి. రాత్రి పదింటికి రూమ్‌కి వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కడినే చూసేవాణ్ని. వింటుంటే అన్నీ అర్థమైనట్టే ఉండేది. పరీక్షలో పేపర్ చూస్తే చెయ్యి ఆడలేదు. రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పుడు నేననుకున్నది ఒకటే, "మనకి లెక్కలు రావు, మన గురుకులం ఇంగ్లిష్ సరిపోదు, ఇది మనవల్ల కాదు". మీలో ఎంతమంది ఇలా అనుకుని మానేశారో నాకు తెలుసు. రెండో సెమిస్టర్‌లో అనుకోకుండా ఇంకో ఇద్దరితో కలిసి కూర్చోవడం మొదలైంది. ఒకతను సాలూరు వైపు అబ్బాయి, ఇంకొకరు వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్క. ఆవిడకి ఇద్దరు పిల్లలు. పిల్లలు నిద్రపోయాక వీడియో కాల్‌లోకి వచ్చేవారు. మాలో ఎవరికీ పూర్తిగా తెలిసేది కాదు. కానీ వీడియో ఆపి "ఇదేంటి?" అని అడిగే మనిషి దొరికారు. ముగ్గురం పాసయ్యాం.

అమెరికా కథలో మిగిలింది తొందరగా చెప్పేస్తాను. 1967లోనే కొలరాడో స్టేట్ యూనివర్సిటీ సర్జ్ అనే పేరుతో క్లాసుల టేపులను మనుషుల చేత కంపెనీలకు పంపించేది. అక్కడి డీన్ లయొనెల్ బాల్డ్విన్ 1984లో నేషనల్ టెక్నలాజికల్ యూనివర్సిటీ పెట్టాడు. దానికి సొంత క్యాంపస్ లేదు. వేరే వేరే యూనివర్సిటీల క్లాసులను శాటిలైట్ ద్వారా ఆఫీసులకు పంపి, తానే మాస్టర్స్ డిగ్రీ ఇచ్చేది. మొదట పెట్టిన కోర్సుల్లో కంప్యూటర్ ఇంజనీరింగ్ ఒకటి. ఇంటర్నెట్ వచ్చాక శాటిలైట్‌కు విలువ తగ్గింది, 2000 తర్వాత ఆ సంస్థ చేతులు మారి వేరే యూనివర్సిటీలో కలిసిపోయింది.

ఇక మన దేశం. 1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. అక్కడి మాస్టార్లు దాన్ని తాళం వేసి పెట్టుకోలేదు. దేశంలో ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలనో, ఇంజనీర్లనో పిలిచి పది రోజుల కోర్సులు నడిపారు. మూర్ స్కూల్ లాగే, ఉద్యోగస్తులకి. మన హైదరాబాద్‌లో 1967లో ఈసీఐఎల్ మొదలైంది, 1969లో టీడీసీ 12 అనే కంప్యూటర్ తయారు చేసింది. అప్పటి ఇంజనీర్లు చాలామంది కంప్యూటర్‌ను పనిలోనే నేర్చుకున్నారు. చదువు, ఉద్యోగం అన్నవి వేర్వేరు గదులన్న ఆలోచన తర్వాత వచ్చింది.

కాలేజీకి వెళ్లలేని ఉద్యోగికి మన దేశంలో పాత దారి ఒకటుంది, ఏఎంఐఈ. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ పెట్టే పరీక్షలు. సెక్షన్ ఏ, సెక్షన్ బి పాసైతే బీఈకి సమానం. క్లాసులుండవు, పుస్తకాలు కొనుక్కుని చదవాలి, పరీక్ష రాయాలి, అంతే. డిప్లొమాతో కరెంటు ఆఫీసులోనో ఇరిగేషన్‌లోనో చేరి, రాత్రిళ్లు చదివి, ఏఎంఐఈ పాసై ఇంజనీరు అయినవాళ్లు పాత తరంలో మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు. అడిగి చూడండి. ఎంత కష్టమో, ఎన్నేళ్లు పట్టిందో చెబుతారు. అయితే 2013 మే 31 లోపు చేరినవాళ్లకే ఆ సమానత్వం అని కేంద్రం తేల్చింది. కంప్యూటర్లలో ఇలాంటిదే 1990లో వచ్చిన డోయెక్. ఓ, ఏ, బి, సి అని నాలుగు మెట్లు, సి లెవెల్ ఎంటెక్ స్థాయి అన్నారు. దాన్నే ఇప్పుడు నైలిట్ అంటున్నారు.

టర్మన్ ఆలోచనకు మన దగ్గర అతి దగ్గరగా వచ్చింది బిట్స్ పిలానీ. 1979 నుంచి ఉద్యోగుల కోసం ప్రోగ్రాములు నడుపుతోంది. పని చేసే చోటే ల్యాబ్, అక్కడి సీనియర్ ఒకరు మెంటార్, కంపెనీ అనుమతి ఉండాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు బిట్స్‌తో ఒప్పందాలు చేసుకుని బీఎస్సీ పిల్లలను తీసుకుని, పని చేయిస్తూనే మాస్టర్స్ చదివించాయి. మనోళ్లు కూడా కొందరు అలా చదివారు.

ఇప్పుడు ఆ ప్రకటన చూసి నాకు భయం ఎందుకేసిందో చెబుతాను. 2000 తర్వాత కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో బీటెక్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఊరికో స్టడీ సెంటర్. ఏఐసీటీఈ అనుమతి లేదు. పని చేసుకునే డిప్లొమావాళ్లు వేలమంది చేరారు. వాళ్లలో మోసం చేద్దామని చేరినవాళ్లు ఎంతమంది ఉంటారు? కాలేజీకి వెళ్లే తీరిక లేక, ప్రమోషన్ కావాలని చేరినవాళ్లే ఎక్కువ. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో ప్రమోషన్ల గొడవగా మొదలైన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 నవంబర్ 3న తీర్పు వచ్చింది. ఇంజనీరింగ్‌ను ల్యాబ్ లేకుండా దూరవిద్యలో నేర్పడం కుదరదు. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల నుంచి 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ల డిగ్రీలు సస్పెండ్, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే చెల్లుతాయి. ఆ తర్వాత చేరినవాళ్లవి రద్దు. అంతే. పదేళ్లు ఇంజనీరుగా పని చేసిన మనిషి మళ్లీ డిప్లొమా మనిషి. 2018లో నలభై దాటినవాళ్లు కూర్చుని ఆ పరీక్ష రాశారు.

తీర్పు తప్పని నేననను. ల్యాబ్ చూడకుండా ఇంజనీరింగ్ డిగ్రీ ఇవ్వడం తప్పే. కానీ నష్టం ఎవరికి జరిగిందో చూడండి. ఇంట్లో అడిగి తెలుసుకునే మనిషి ఉన్నవాడు ఏఐసీటీఈ అనుమతి ఉందా లేదా అని ముందే చూసుకుంటాడు. మొదటి తరం చదువుకున్నవాడు బోర్డు మీద "యూనివర్సిటీ" అని ఉంటే నమ్ముతాడు. మన అమ్మానాన్నలు ప్రాస్పెక్టస్ చదివి చెప్పలేరు కదా.

2020 యూజీసీ నిబంధనల ప్రకారం ఇప్పటికీ ఇంజనీరింగ్ డిగ్రీ దూరవిద్యలో కుదరదు. ఎంసీఏ కుదురుతుంది, అది వేరే సంగతి. ఎంటెక్ అని ఎవరైనా ప్రకటన ఇస్తే డబ్బు కట్టకముందు రాతపూర్వకంగా అడగండి, ఇది ఏ పద్ధతి, ఎవరి అనుమతి, సర్టిఫికెట్ మీద ఏమని రాస్తారు అని. రేపు లెక్చరర్ ఉద్యోగానికో, పీహెచ్‌డీకో వెళ్తే నోటిఫికేషన్‌లో "రెగ్యులర్" అని ఉంటుంది. అక్కడ తగులుకుంటుంది.

ఏఐసీటీఈ 2023-24 నుంచి ఉద్యోగుల కోసం కాలేజీల్లోనే సాయంత్రాలు, వారాంతాల బ్యాచ్‌లకు దారి ఇచ్చింది, డిప్లొమా, బీటెక్ స్థాయిలో. మంచి పని. మొదట పెట్టిన నిబంధనలో పని చేసే చోటు లేదా ఇల్లు కాలేజీకి 50 కిలోమీటర్ల లోపు ఉండాలన్నారు. హైదరాబాద్‌లో ఉన్నవాడికి అది చాలా పెద్ద గీత. చింతూరులోనో, ఏటూరునాగారంలోనో పని చేసే మనవాడు ఆ గీత గీసుకుని ఎన్ని కాలేజీలు పడతాయో లెక్కపెట్టుకోవాలి.

డబ్బు సంగతి. ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్రం పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఉద్యోగం చేసే విద్యార్థి జీతం కూడా ఆ లెక్కలో కలుస్తుంది. అంటే నెలకు పాతిక వేలు వస్తే మనం దాటిపోయినట్టే. ఆ పాతిక వేల మీద ఇంట్లో ఆరుగురు బతుకుతున్నారన్నది ఆ ఫారంలో రాసే చోటు లేదు. టర్మన్ పద్ధతిలో ఈ ఖర్చు కంపెనీది. మన దగ్గర చాలావరకు ఉద్యోగిదే. ఐఐటీ కాన్పూర్ 2022లో తెచ్చిన ఈమాస్టర్స్ లాంటివాటికి గేట్ అక్కర్లేదు, కానీ ఫీజు లక్షల్లో ఉంటుంది.

ఫీజు విషయంలో ఈ మధ్య కాలంలో ఒక్కటే పెద్ద మార్పు వచ్చింది, అదీ అమెరికాలో. జార్జియా టెక్‌లో జ్వీ గలిల్ అనే డీన్ 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను పూర్తిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాడు. ఏటీ అండ్ టీ కంపెనీ పెట్టుబడికి సాయం చేసింది. మొత్తం డిగ్రీకి ఏడు వేల డాలర్ల లోపే. క్యాంపస్‌లో చదివినవాడికి ఇచ్చే డిగ్రీయే. ఆర్థికవేత్తలు ముగ్గురు దీన్ని పరిశీలించారు. క్యాంపస్ కోర్సుకు అప్లై చేసే సగటు మనిషి ఇరవై నాలుగేళ్ల విదేశీ విద్యార్థి. మనోళ్లే ఎక్కువ, ఆంధ్రా తెలంగాణ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌కు అప్లై చేసే సగటు మనిషి ముప్పై నాలుగేళ్ల అమెరికన్ ఉద్యోగి. ఇది లేకపోతే వాళ్లలో చాలామంది అసలు మాస్టర్సే చదివేవాళ్లు కాదని తేలింది. అంటే ఆ దారి ఇంకొకరి సీటు లాక్కోలేదు, బయట నిలబడ్డవాళ్లని లోపలికి తెచ్చింది. మన రూపాయల్లో ఏడు వేల డాలర్లంటే సుమారు ఆరు లక్షలు, మనకి అది తక్కువేం కాదు. అయినా ఒక మంచి యూనివర్సిటీ తలచుకుంటే ఫీజు ఎంత దించగలదో అది చూపించింది.

ఇప్పుడు తమ్ముడూ, నీ ప్రశ్నకి. ఉద్యోగం ఇప్పుడే మానకు. ముందు మీ కంపెనీ హెచ్‌ఆర్‌ను అడుగు, పై చదువుకు సాయం చేసే పద్ధతి ఉందా అని. చాలా చోట్ల ఉంటుంది, ఎవరూ అడగరు, అంతే. గేట్ ఎలాగైనా రాయి, మనకి ఫీజు సగమే. స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఈ మూడేళ్లలో చెల్లెలి నర్సింగ్ అయిపోతుంది కదా, అప్పుడు ఫుల్‌టైం వెళ్లాలా, ఉద్యోగంతోనే చెయ్యాలా అన్నది నీ చేతిలో ఉంటుంది. ఆ "ఇంట్లో కూర్చుని ఎంటెక్" నంబరుకు మాత్రం డబ్బు పంపకు.

ఇంకొకటి. నేను, సాలూరు తమ్ముడు కలిసి మూసాపేటలో నా రూమ్‌లో ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూర్చుంటున్నాం. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఫ్రీగా ఉన్నాయి కదా, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మొదలుపెడుతున్నాం. ప్రొజెక్టర్ లేదు, టీవీ ఉంది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆపొచ్చు. ఆరుగురికి మించి పట్టదు, కాబట్టి ఎక్కువమంది అయితే కూకట్‌పల్లిలో రెండో గుంపు పెట్టుకుందాం. ఊళ్లలో ఉన్నవాళ్లు ముగ్గురు కలిసినా చాలు, మీ ఊరి పేరు కింద రాయండి, పక్క ఊరివాళ్లతో కలుపుతాం. సిగ్నల్ లేనిచోట పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పంపుతాం. భద్రాచలం బస్సుకు శుక్రవారం రాత్రి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మొదటి రెండు అక్కడికే ఇవ్వాలి.